రిజిస్ట్రేషన్ అయింది... ఇల్లు మనదైనట్టేనా?

మంచి ముహూర్తం చూసుకుని సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసుకి వెళ్లారు. ఫొటో దిగారు. వేలిముద్రలు వేశారు. సాక్షులు సంతకాలు పెట్టారు. బయటికొచ్చి మిఠాయి పంచారు. 'హమ్మయ్య... సర్కారు ముద్ర పడింది. ఇక ఇల్లు మనదే!'

అప్పోసప్పో చేసి ఇల్లు కొనుక్కున్న ప్రతి కుటుంబమూ అనుకునే మాటే ఇది. కానీ ఆ ముద్రకు అసలు అర్థం వేరు. అక్కడ నమోదయ్యేది యాజమాన్యం కాదు, దస్తావేజు. ఫలానా రోజున ఫలానా వ్యక్తి ఫలానా ఆస్తిని అమ్ముతున్నట్టు రాసిచ్చాడనడానికి అది సాక్ష్యం. అతనికి అమ్మే హక్కు ఉందో లేదో తేల్చుకోవాల్సిన బాధ్యత కొనేవాళ్లదే. అతనికే హక్కు లేకపోతే, జీవితకాలం దాచుకున్న సొమ్ముకి దక్కేది కాగితమే!

నూరేళ్లు దాటిన చట్టం

దీనంతటికీ మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం. వంద రూపాయలూ అంతకు మించి విలువున్న ఇల్లూ స్థలం కొంటే రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి. రాసుకున్న నాలుగు నెలల్లోగా దస్తావేజుని ఆఫీసులో సమర్పించాలి. ఈ ఖర్చూ తక్కువేం కాదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములూ కలిపి 6 శాతంగా ఉన్నదాన్ని 2021లో 7.5 శాతానికి పెంచారు. చేత్తో నకళ్లు రాసుకునే ఆఫీసుల్లోకి 1998లో 'కార్డ్‌' పథకంతో కంప్యూటర్లు వచ్చాయి. పని వేగం పెరిగిందే కానీ మూలసూత్రం మారలేదు. అమ్మేవాళ్ల హక్కుల్ని విచారించే అధికారం సబ్‌ రిజిస్ట్రార్‌కి లేదని తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు 2025లో మరోసారి చెప్పింది. ప్రభుత్వ, అసైన్డ్‌, దేవాదాయ భూముల్లాంటివి 22ఎ నిషేధిత జాబితాలో ఉంటే మాత్రం రిజిస్ట్రేషన్‌ చేయరు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఆ జాబితా చూసుకోవాలి.

ఈసీలో కనిపించనివి...

'ఈసీ తీశాం, క్లియర్‌గా ఉంది' అని నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాటతో జరిగిన పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావాలు, రిజిస్టరు కాని వీలునామాలు అందులో ఉండవు. పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుని, ఆ సంగతి రిజిస్టరు చేయించకపోతే అదీ కనిపించదు. అందుకే జిరాక్సులతో సరిపెట్టుకోకుండా అసలు పత్రాలు చూపించమనాలి.

ఇంకో చిక్కూ ఉంది. ఒకే ఇంటిని ఇద్దరికి అమ్మితే, ముందు రిజిస్టరైన దస్తావేజు కాదు, ముందు రాసిన దస్తావేజు నెగ్గుతుంది. జనవరిలో ఒకరికి రాసిచ్చి, ఫిబ్రవరిలో మరొకరికి రిజిస్ట్రేషన్‌ చేశాడనుకోండి. జనవరి దస్తావేజుని ఏప్రిల్‌లో రిజిస్టరు చేయించినా మొదటివాళ్లదే పైచేయి. ఫిబ్రవరిలో తీసిన ఈసీలో మాత్రం ఆ ఊసే ఉండదు! ఇంట్లో ఎవరుంటున్నారో, ఏ హక్కుతో ఉంటున్నారో వెళ్లి అడగమనేది ఇందుకే.

ఆడపడుచుల సంతకాలేవీ?

తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుని అమ్మేసిన ఇళ్ల మీద ఎక్కువగా వచ్చే తగాదా ఇది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన దగ్గర ఎన్టీ రామారావు హయాంలో, దేశమంతటా 2005లో వచ్చింది. 'పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం' అన్న మాట కోర్టులో నిలవదు. ఫ్యామిలీ మెంబర్‌ సర్టిఫికెట్‌ అడిగి, అందులో ఉన్న వారసులందరితో సంతకాలు పెట్టించుకోవడమే క్షేమం. జీపీఏ చేతిలో పెట్టి 'ఇదే అమ్మకం' అంటే నమ్మొద్దు. దానితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

హామీ ఎక్కడ?

దక్షిణ ఆస్ట్రేలియాలో 1858 నుంచీ వేరే పద్ధతి. అక్కడ రిజిస్టరులో పేరుంటే, మోసంలాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, అతనే యజమాని. అదే ఆలోచనతో ఆంధ్రప్రదేశ్‌ తెచ్చిన టైట్లింగ్‌ చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. వివాదాలు సివిల్‌ కోర్టుల పరిధి దాటిపోతాయంటూ న్యాయవాదులు ఆందోళన చేశారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

కాబట్టి జాగ్రత్త ఇప్పటికీ మనదే. కనీసం ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అనుమతి పత్రాలు పట్టుకుని అమ్మేవాళ్లకి సంబంధం లేని లాయరు దగ్గరికి వెళ్లాలి. కొన్నాక మ్యుటేషన్‌ చేయించుకుని, ఇంటిపన్ను, కరెంటు బిల్లు పేరు మార్పించుకోవాలి. మ్యుటేషన్‌ కూడా హక్కు ఇవ్వదు, పన్ను ఎవరు కట్టాలో చెబుతుందంతే. చివరగా, మన పేరుతో మళ్లీ ఓసారి ఈసీ తీసి చూసుకోవాలి.

మిఠాయిలంటారా... వాటిని ఆ తర్వాత పంచినా తీపి తగ్గదు!