కారు తాళాలు – జాయింట్ కస్టడీ

"నాన్నా, మీరు తొమ్మిదో తరగతిలోనే తాతగారి స్కూటర్ నడిపారట కదా! నాకిప్పుడు పదిహేడు. కారు తాళాలివ్వడానికి ఇంకేం అడ్డం?"

గురుగ్రామ్‌కు బదిలీపై వచ్చిన రెండో ఏడు మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జవాబు తోచక "సరే, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మాత్రమే" అన్నాను. మూడో రోజు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. కారు వెళ్లి స్తంభానికి కొట్టుకుంది. రోజూ ఆ వేళకు కార్లు తుడిచే కుర్రాడు ఆ స్తంభం పక్కనే కూర్చుంటాడు. ఆ రోజు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లాడు. అంతే తేడా.

ఆ రాత్రి బీమా పాలసీ, మోటారు వాహనాల చట్టం ముందేసుకుని కూర్చున్నాను. రుణ దరఖాస్తులో ప్రతి కాగితం తిరగేసే నేను, ఇంట్లో మాత్రం ఏ కాగితమూ చూడకుండా మంజూరు చేసేశానని అర్థమైంది.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 నిండినవారికి 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికే అనుమతి. మన ఇళ్లలో ఉండే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే కాబట్టి, ఆ వెసులుబాటు వాటికి వర్తించదు.

2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ మరీ గట్టిది. మైనరు వాహనం నడిపి నేరం జరిగితే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే చాలదు, దాన్ని నిరూపించుకోవలసిన భారం మనదే.

బీమా సంగతీ అంతే. లైసెన్సు లేని వ్యక్తికి యజమానే తెలిసి బండి ఇస్తే సొంత కారు మరమ్మతు క్లెయిమ్ నిలవదు. బాధితులకు చెల్లించిన పరిహారాన్ని కూడా బీమా సంస్థ యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. జీతం మీద బతికే మనలాంటివాళ్లకు ఆ ఒక్క మొత్తం జీవితకాలపు పొదుపును మింగేస్తుంది.

పక్క సీటు మనదే

మా అమ్మాయికి ఆగస్టులో 18 నిండాయి. సెప్టెంబరులో సారథి పోర్టల్ ద్వారా లెర్నర్ లైసెన్సు తీసుకుంది. దాని గడువు ఆరు నెలలు. కనీసం 30 రోజులు గడిచాకే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లాలి. ఈ మధ్యకాలంలో నేర్చుకునేవారి పక్కన లైసెన్సు ఉన్న వ్యక్తి, బండిని అదుపు చేయగల లేదా ఆపగల విధంగా కూర్చోవాలి. ముందూ వెనుకా తెల్ల పలకపై ఎర్ర 'ఎల్' అక్షరం ఉండాలి.

అంటే చట్టం తల్లిదండ్రులకు పక్క సీటు ఇచ్చింది. అయితే ఇంట్లో ఎన్ని గంటలు నేర్పాలో చెప్పలేదు. కేంద్రం 2021లో తెచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో కార్లకు 29 గంటల కోర్సు ఉంది. పూర్తిచేసినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు. అలాంటి కేంద్రం దగ్గరలో ఉంటే అదే మేలు.

ఇంట్లో నేర్పడానికి పద్ధతి కోసం వెతుకుతుంటే అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు గుర్తొచ్చాడు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడ రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం ఉన్న కోర్సుతో తల్లిదండ్రులే పిల్లలకు డ్రైవింగ్ నేర్పవచ్చు. పాఠాలు కాక, కారులో 44 గంటలు గడపాలి: ఏడు గంటలు నడుపుతూ నేర్చుకోవడం, ఏడు గంటలు పక్కన కూర్చుని గమనించడం, 30 గంటల సాధన. ఆ 30లో కనీసం 10 గంటలు రాత్రిపూట. "గంటలు రాసి సంతకం పెట్టాలన్నయ్యా, అబద్ధం రాస్తే నష్టపోయేది మన పిల్లే" అన్నాడు వాడు.

మా 30 గంటలు

ఆ 30 గంటల లెక్కను మేమూ పెట్టుకున్నాం. మొదటి పది రోజులు డ్రైవింగ్ స్కూలుకు పంపాను, వాళ్ల కారులో శిక్షకుడి వైపు కూడా బ్రేకు ఉంటుంది కనుక. తర్వాత మా కారు. బయల్దేరే ముందు పక్క సీట్లోంచి హ్యాండ్‌బ్రేక్ లాగడం నేను సాధన చేశాను.

ఆదివారం ఉదయం ఆరింటికి సెక్టార్ల లోపలి ఖాళీ రోడ్లతో మొదలుపెట్టాం. ఆపై సర్వీస్ లేన్లు, ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే స్కూటర్లు, ఆటోలు. నాలుగో నెలలో సోహ్నా రోడ్డు, చివరగా రాత్రివేళ గోల్ఫ్ కోర్స్ రోడ్డు. డిసెంబరులో ఒకరోజు పొగమంచు కమ్మి ముందున్న లారీ కనబడలేదు. "పక్కకు తీసి ఆపెయ్యనా నాన్నా?" అంది. ఆపేశాం. ఆ అరగంటను కూడా పుస్తకంలో రాశాం. ఆపాలని తెలియడం నడపడంలో భాగమే కదా.

ఆ పుస్తకంలో తేదీ, రోడ్డు, సమయం, చేసిన తప్పు రాసేది తను. సంతకం నాది. మన మేకర్-చెకర్ పద్ధతే. ఒకరోజు నా తప్పు కూడా రాసింది: "నాన్న సిగ్నల్ దగ్గర గీత దాటి ఆపుతారు." నేర్పేవాడికి ఇంతకంటే ఆడిట్ రిపోర్టు అక్కర్లేదు. అరవడం, ఫోన్ చూడడం, గీత దాటడం మూడూ మానాను.

తాళాల నియమం

ఫిబ్రవరిలో పరీక్ష పాసైంది. అయినా కొత్త అధికారికి మొదటి రోజే పూర్తి మంజూరు అధికారాలు ఇవ్వం కదా! పక్కన పెద్దవాళ్లున్నప్పటి కంటే, ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ప్రమాదాలు ఎక్కువని ఎన్నో దేశాల అనుభవం. అందుకే మొదటి ఆరు నెలలు రాత్రిపూట ఒంటరిగా వద్దు, కారు నిండా స్నేహితులు వద్దు అని అనుకున్నాం. ఆ నియమం తనే పుస్తకం చివరి పేజీలో రాసింది, కింద ఇద్దరం సంతకం పెట్టాం.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ లెక్కలో ప్రతి అంకె ఎవరో ఒకరి ఇల్లు. ఆ రోజు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లిన కుర్రాడు ఇప్పటికీ మా కారు తుడుస్తున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా అదృష్టాన్ని నమ్ముకుని తాళాలివ్వకూడదని గుర్తొస్తుంది.

మీ ఇంట్లోనూ పదిహేడేళ్ల పిల్లలుంటే ఏడాది ఆగమనండి. ఆ తర్వాత వారానికి రెండు గంటలు మీరు పక్క సీట్లో కూర్చోండి.