ఫ్రెంచి క్రియల భూత సంభావనార్థకము: ఉర్దూ, తెలుగుల తోడ్పాటు

ఫ్రెంచి వ్యాకరణము చేపట్టిన మన విద్యార్థి తొలి ఆరు మాసములు ఉత్సాహముతోనే నడచును. వర్తమానము, భూతము, భవిష్యత్తు ఏదో విధముగ లొంగును. పిమ్మట "స్యుబ్‌ఝోఁక్తీఫ్" అను అధ్యాయము వచ్చును. అచ్చట చాలమంది ఆగిపోదురు. దీనికి విద్యార్థి మాంద్యము కారణము కాదు. మనము ఫ్రెంచిని ఇంగ్లీషు ద్వారమున నేర్చుకొనుచున్నాము. ఆ ఇంగ్లీషులో ఈ క్రియారూపము దాదాపు కాలగర్భమున కలసిపోయినది. కావున ఆ భాషలో వ్రాసిన పుస్తకములు దీనిని ఒక వింతవస్తువుగ చూపును. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు పలుకు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతపు విద్యార్థికి ఇది వింత కానక్కరలేదు. ఇట్టి రూపమునే ఆతడు దినమునకు పదిసార్లు పలుకుచున్నాడు. పలుకుచున్నట్లు ఎరుగడు, అంతే.

ఫ్రెంచి మనకేల యని అడుగువారు కలరు. 1753లో సలాబత్ జంగు ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యపోషణకై ఇచ్చెను. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్టణపు కోటను పట్టుకొనుటతో ఆ ప్రాబల్యము తీరప్రాంతమున అంతరించెను. గోదావరీ తీరమున నున్న తెలుగు యానాము మాత్రము 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే యుండెను. 1956 మే 28న భారత ఫ్రాన్సు ప్రభుత్వములు సంతకము చేసిన ఒడంబడికలో, ప్రజాప్రతినిధులు వేరుగ నిర్ణయించువరకు ఆ ప్రాంతములలో ఫ్రెంచి అధికారభాషగ నుండునని వ్రాసికొనిరి. యానాములో ఫ్రెంచి పౌరసత్వముగల తెలుగు కుటుంబములు నేటికిని కలవు. మారిషస్ ద్వీపపు తెలుగువారు ఫ్రెంచి పత్రికలనే చదువుచున్నారు. ఆ భాష మనకు మరీ పరాయిది కాదనుటకు ఇంత చాలును.

ఉచ్చారణను గూర్చి ఒక మాట. ఈ వ్యాసమున ఫ్రెంచి మాటలను చెవికి వినబడినట్లు తెలుగు లిపిలో వ్రాయుచున్నాను. అరసున్న ఉన్నచోట అచ్చును ముక్కుతో పలుకవలెను. మనవారు వ్రాతలో సహితము వదలివేసిన అరసున్న ఇచ్చట అక్కరకు వచ్చినది! ఉర్దూ విద్యార్థులకు ఇది నూన్ గున్నా. "ఝ" అన్నచోట "పఝ్‌ముర్దా" అను ఫార్సీ మాటలోని ధ్వనిని తలచుకొనవలెను.

ఇక రూపనిర్మాణము. భూత సంభావనార్థకము రెండు తునకల కూర్పు. మొదటిది సహాయక క్రియ, రెండవది భూతకృదంతము. సహాయక క్రియలు "అవ్వార్" (కలిగియుండుట), "ఎత్ర్" (ఉండుట) అని రెండే. వానిని వర్తమాన సంభావనార్థకమున ఉంచవలెను. "అవ్వార్" రూపములు: నేను, నీవు, అతడు, వారు అను నాలుగింటికిని వినబడునది "ఎ" అను ఒక్క అచ్చే, మేము అనునపుడు "ఎయోఁ", మీరు అనునపుడు "ఎయే". "ఎత్ర్" రూపములును ఇట్లే: నాలుగింట "స్వా", మేము "స్వాయోఁ", మీరు "స్వాయే". వ్రాతలో అక్షరములు మారును, చెవికి మారవు. అక్షరములను చూచి భయపడు విద్యార్థి మొదట చెవిని నమ్ముకొనుట మేలు. "అతడు ముగించి యుండుట" అను భావమునకు "కిల్ ఎ ఫినీ". "అతడు వచ్చి యుండుట" అను భావమునకు "కిల్ స్వా వెన్యూ".

రెండవ వాక్యమును ఉర్దూ ప్రక్కన నిలిపి చూడుడు. "షాయద్ వో ఆయా హో." ఆయా అనునది భూతకృదంతము, హో అనునది "హోనా" ధాతువు యొక్క ముజారే రూపము. వెన్యూ అన్నను ఆయా అన్నను ఒకటే, స్వా అన్నను హో అన్నను ఒకటే. వరుస మాత్రము తారుమారైనది. తెలుగున "వచ్చి ఉండవచ్చు" అనునపుడును కట్టుబాటు ఇదియే: జరిగిన పనికి "వచ్చి", దానిపై మన మనస్సు వేయు ముద్రకు "ఉండు".

ఏ క్రియకు ఏ సహాయక క్రియ యనునది కంఠస్థము చేయవలసినదే. పోవుట, వచ్చుట, చేరుట, బయలుదేరుట, పుట్టుట, చచ్చుట, పడుట, నిలుచుట మున్నగు కొలది క్రియలును, ఆత్మార్థక క్రియలన్నియు "ఎత్ర్" కోరును, మిగిలినవి "అవ్వార్". ఉర్దూకు ఈ చిక్కు లేదు, అన్నిటికిని "హో" యే. కాని లింగవచనముల యొద్ద ఉర్దూ మరల ఆదుకొనును. "వో ఆయీ హో" అనునపుడు కృదంతము కర్తను బట్టి మారినది. "ఉస్ నే చిట్ఠీ లిఖీ హో" అనునపుడు కర్మను బట్టి మారినది. ఫ్రెంచిలోను "ఎత్ర్" తోడి కృదంతము కర్తను అనుసరించును. "అవ్వార్" తోడి కృదంతము కర్మను అనుసరించును. అయితే ఆ కర్మ క్రియకు ముందు వచ్చినపుడు మాత్రమే. ఉర్దూ తెలిసినవారికి ఇది అరగంట పని. తెలుగు మాత్రమే తెలిసినవారు పొరుగు బల్లపై మిత్రుని అడిగి తెలిసికొనవచ్చును. మన కళాశాలలో అట్టి మిత్రునికి కొదవ లేదు.

ప్రయోగమునకు వత్తము. పేరులో "భూత" యున్నది గావున ఇది నిన్నటి పనులకే చెల్లునని తలచుట పొరపాటు. ప్రధాన వాక్యములోని క్రియకంటె ముందే ముగిసిన పని యని మాత్రమే దీని అర్థము. "ఇల్ ఫో క వూ జెయే ఫినీ అవాఁ సేఁకర్" అనగా "ఐదు గంటలలోపల మీరు ముగించి ఉండాలి." ఐదు గంటలు ఇంకను కాలేదు, పనియు కాలేదు, అయినను రూపము భూతమే. తెలుగులో "ముగించాలి" అనుటకును "ముగించి ఉండాలి" అనుటకును గల భేదము తెలిసినవానికి ఈ సూత్రము వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ రూపము యొక్క బలము బాగుగ కనబడు తావు మరొకటి కలదు. మాచర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారమునకు అనుభవముగల మనిషి కావలెననుకొందము. "సిమెంటు కర్మాగారంలో పనిచేసిన మనిషి కోసం వెదకుతున్నాను" అని తెలుగున అందుము. ఈ వాక్యమునకు రెండర్థములు. తెలిసిన ఒకానొక మనిషి తప్పిపోగా వెదకుచుండవచ్చును. లేదా, అట్టి అనుభవమున్న ఎవరైనను సరే యని వెదకుచుండవచ్చును. "చేసిన" అను మన విశేషణము ఈ భేదమును చెప్పదు. ఉర్దూ చెప్పును: "జిస్ నే కామ్ కియా హై" అన్నచో మొదటివాడు, "జిస్ నే కామ్ కియా హో" అన్నచో రెండవవాడు. ఫ్రెంచియు అక్షరాల ఇట్లే చేయును. "కీ ఆ త్రవాయే" అనిన, పనిచేసినవాడు ఉన్నాడు, ఆతని నేనెరుగుదును. "కీ ఎ త్రవాయే" అనిన, అట్టివాడు లోకమున ఉన్నాడో లేడో ఇంకను తెలియదు. ఒక్క అచ్చు మారినది, మనిషి మారినాడు. ఉద్యోగ ప్రకటననో ఒప్పంద పత్రమునో అనువదించువాడు ఈ అచ్చును తప్పినచో ఏమగునో చదువరులే ఊహింపవచ్చును.

అన్నిచోట్లను ఉర్దూ దారి చూపదు. సంతోష విచారముల యొద్ద దారులు చీలును. "తుమ్ ఆయే, ముఝే ఖుషీ హై" అని ఉర్దూ నిశ్చయార్థకమునే వాడును. తెలుగు "నీవు వచ్చినందుకు సంతోషం" అని నామవాచకముగ మార్చును. ఫ్రెంచివాడు "ఝ స్వి కోఁతాఁ క త్యు స్వా వెన్యూ" అనును. వచ్చినవాడు ఎదుట నిలిచియున్నాడు, సందేహమునకు తావేలేదు, అయినను సంభావనార్థకమే! దీనిని "సందేహార్థకము" అని పాఠములలో పిలుచుట నాకు ఇందుకే నచ్చదు. "నీవు వచ్చితివి" అను వార్తను ఆ వాక్యము చెప్పుట లేదు. వచ్చుటను గూర్చి నా మనస్సెట్లున్నదో చెప్పుచున్నది. కోరిక, భయము, విచారము, ఆశ్చర్యము, అవసరము, నిరాకరణము అన్నియు ఈ కోవలోనివే. "త్యు వియెన్" అన్నచో నీవు వచ్చుచున్నందుకు, లేక రాబోవుచున్నందుకు. "త్యు స్వా వెన్యూ" అన్నచో వచ్చినందుకు. ప్రధాన వాక్యము భూతమైనను, "ఝెతే కోఁతాఁ" అనినను, నేటి భాషలో తరువాతి భాగము మారదు.

"బియేఁ క" (అయినప్పటికిని) అను అవ్యయము తరువాతను ఇదియే నియమము. రెంటచింతలలో వాన కురిసినను ఎండ తగ్గలేదని చెప్పవలెనన్న, ముందు భాగము "బియేఁ కిల్ ఎ ప్ల్యూ" అగును. వాన నిజముగ కురిసినది సుమా. తెలుగు అప్యర్థకము "కురిసినను" ఇచ్చట సరిగ సరిపోవును. "అప్రే క" (తరువాత) అనుదానికి మాత్రము వ్యాకరణము నిశ్చయార్థకమునే విధించును. ఫ్రెంచివారిలోనే పలువురు దీనిని తప్పుచుందురు.

మరి మూడు గుంతలు. "ఎస్పెరే" అనగా ఆశించుట. కోరికవలె కనబడినను ఇది నిశ్చయార్థకమునే కోరును. "తలచుచున్నాను" అనుటకు "ఝ పాఁస్ కిల్ ఆ ఫినీ"; "తలచుట లేదు" అనగానే "ఝ న పాఁస్ పా కిల్ ఎ ఫినీ". ఇక "కాష్ వో ఆయా హోతా" అను మాజీ తమన్నాయీ భావమును, అనగా జరుగని పనికై పడు చింతను, ఈ రూపమున పెట్టరాదు. దానికి ఫ్రెంచిలో "సి" అను అవ్యయముతో కూడిన పూర్వభూత నిశ్చయార్థకము కలదు.

పాత గ్రంథములు చదువువారికి "ఫ్యు వెన్యూ", "యు ఫినీ" వంటి రూపములు తగులును. ప్రధాన క్రియ భూతమైనపుడు పూర్వము వీనిని వాడెడివారు. 1901 ఫిబ్రవరి 26న ఫ్రాన్సు విద్యామంత్రి వెలువరించిన ఉత్తర్వు, అసంపూర్ణ భూత సంభావనార్థకమునకు బదులు కొన్ని తావుల వర్తమానమును వ్రాసినను పరీక్షలలో తప్పుగ ఎంచరాదని చెప్పెను. మాటాడు భాషలో ఆ పాత రూపములు అడుగంటినవి. పందొమ్మిదవ శతాబ్దపు నవలలలో కనబడినపుడు గుర్తించి అర్థము గ్రహించిన చాలును. స్వయముగ వ్రాయునపుడు "స్వా వెన్యూ", "ఎ ఫినీ" అనియే వ్రాయవలెను.