ప్రకటనల తెర ఆగకుండుటెట్లు?

పూర్వము ఆసుపత్రి గోడకు నల్లబల్ల యొకటి యుండెడిది. ఏ వైద్యుడు ఏ గదిలో ఏ వేళ నుండునో గుమాస్తా దానిపై సుద్దముక్కతో వ్రాసెడివాడు. నేడు పెక్కు ఆసుపత్రులలోను, బస్ స్టాండులలోను, కళాశాలలలోను ఆ బల్ల స్థానమున వెలుగు తెర వెలసినది. దానిపై స్లైడులు ఒకదాని వెంట ఒకటి నడచుచుండును. అనేక చోట్ల వీనిని కార్యాలయములోని వారే పవర్‌పాయింట్‌లో తయారుచేయుచున్నారు.

పవర్‌పాయింట్ 1987లో మాకింటోష్ యంత్రములకై వెలువడినది. అది సభలో ఉపన్యసించువారి కొరకు పుట్టిన సాధనము. అచట ప్రక్కనే మనిషి యుండును. స్లైడు కదలకున్న మీట నొక్కును. అక్షరము చెదిరిన నోటితో సరిదిద్దును. గోడమీది తెరకు ఆ సాయము లేదు. చిక్కులకు మూలమిదియే. ప్రదర్శన వేళ యంత్రము చేయవలసిన పని ఎంత తగ్గిన, తెర అంత నమ్మదగినదగును.

మొదటి చిక్కు అక్షరములది. సాధారణముగా ఫైలులో ఫాంటు పేరే కాని ఫాంటు ఉండదు. తెర వెనుకనున్న యంత్రములో ఆ ఫాంటు లేనిచో వేరొకటి వచ్చి పంక్తులు విరుగును. లేదా అక్షరములకు మారుగా ఖాళీ గడులు కనిపించును. తెలుగునకు ఈ బాధ హెచ్చు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగునకు స్థానము లభించినను, అంతకు వేరైన పాత పద్ధతి ఫాంటులతో కూర్చిన ఫైలు లింకను కలవు. ఇతర యంత్రములలో అవి అర్థములేని గుర్తులగును. యూనికోడ్‌లో వ్రాసినను, ఒత్తులను కూర్చు నేర్పు లేని యంత్రమున "డాక్టరు" అను మాట "డాక్‌టరు" అని విడిపోవును.

దీనికి ఉపాయము సులభము. ఫైలును ఉన్నదున్నట్లు తెరకు పంపక, ప్రతి స్లైడును బొమ్మగా మార్చవలెను. లేదా అన్నిటిని కలిపి వీడియోగా చేయవలెను. ఈ రెండు పనులును పవర్‌పాయింటే చేయగలదు. బొమ్మలో అక్షరము గీతగా నిలిచిపోవును; ఇక ఫాంటుతో పనిలేదు. ఉపన్యాసమును ముందుగా రికార్డు చేసి యుంచుకొనుట వంటిదే ఇది. అయితే స్లైడు కొలతను మొదటనే తెరకు సరిపుచ్చవలెను. అడ్డముగానున్న తెరకు 1920 చుక్కల వెడల్పు, 1080 ఎత్తు సామాన్యము. నిలువు తెరకు ఇది తారుమారు. కొన్ని టెలివిజనులు అంచులను కోసివేయును గనుక చుట్టును కొంత ఖాళీ విడువవలెను.

రెండవది ఇంటర్నెట్. ప్రతి స్లైడును అప్పటికప్పుడు దూరమునుండి తెప్పించు ఏర్పాటు, లైను తెగిననాడు తెరను చీకటి చేయును. బొమ్మలన్నియు యంత్రములోనే నిలువయుండవలెను. క్రొత్తవి పూర్తిగా చేరిన పిదపనే పాతవి తొలగవలెను.

మూడవది విద్యుత్తు. కరెంటు పోయి వచ్చినపుడు యంత్రము తనంతట లేచి ప్రదర్శన నారంభింపవలెను. నిద్రపోవు అమరికను తీసివేయవలెను. క్రొత్త మార్పుల పనిని రాత్రికి నియమింపవలెను. ప్రోగ్రాము స్తంభించినచో మరల నడపించు కాపలా ఏర్పాటు నుంచవలెను. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులలో, హఠాత్తుగా కరెంటు పోయిన మెమరీ కార్డు చెడవచ్చును, చిన్న యు.పి.ఎస్. ఉండుట మేలు. 2023లో వచ్చిన అయిదవ నమూనాకు ముందటి వానిలో, కరెంటు లేనపుడును నడచు గడియారము లేదు. ఇంటర్నెట్ కూడ లేనిచో కాలము వెనుకబడి, ఉదయపు ప్రకటన మధ్యాహ్నము కనిపించును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక ప్రమాదము మిగులును. తెర చక్కగా నడచుచుండును. అందలి మాట మాత్రము పాతబడును. సెలవులోనున్న వైద్యుని పేరు చూచి, పల్లెనుండి తొలి బస్సులో వచ్చిన రోగి సాయంకాలము వరకు కూర్చుండును. చీకటి తెర అతనిని ఇట్లు మోసగింపదు. ఎవరినైన అడుగుమని పంపును. అందుచే ప్రతి ప్రకటనకు గడువు తేదీ నిర్ణయింపవలెను. దానిని మార్చు బాధ్యత ఒకరికి అప్పగింపవలెను. స్లైడు ఎంతసేపు నిలువవలెనో తెలియుటకు దానిని నెమ్మదిగా రెండుసార్లు పైకి చదివి చూడవలెను. అంతకు తక్కువ కాలము చాలదు.

రేడియో ఒక్క నిమిషము మూగవోయిన శ్రోతలు ఫోను చేసి అడుగుదురు. తెర ఆరిన ఎవరును అడుగరు; చూచి ముందుకు సాగుదురు. కావున ప్రతి ఉదయము ఒకరు రోగులు కూర్చుండు బల్లపైనే కూర్చుండి, మొదటినుండి చివరివరకు ఒక చుట్టు ప్రదర్శన చూడవలెను. ఆ పని ఏ యంత్రమును చేయలేదు.