పాత వ్యాను – తుప్పు

1950లో జర్మనీలోని ఫోక్స్‌వాగన్ సంస్థ ‘టైపు 2’ అను వ్యానును పెద్దయెత్తున తయారుచేయ నారంభించెను. ఆ కాలపు వ్యానులు కొన్ని నేటికిని ఇంగ్లండులో జరుగు పాతవాహనముల ప్రదర్శనలకు వచ్చుచున్నవి. చూచువారు రంగును మెచ్చుకొందురు. ఎరిగినవారు వంగి అడుగుభాగమును పరీక్షింతురు. ఇంజను చెడిన మార్చవచ్చును. కాని ఈ వ్యానుకు విడదీయదగిన చట్రము లేదు. ఉక్కు దూలములు, రేకులు ఒకటిగా అతుకబడి బరువు మోయును. వానిని తుప్పు తినినచో బండి బలము పోవును.

తుప్పు పట్టుట యొక విద్యుద్రసాయన చర్య. తడి తగిలినచోట ఇనుము ఎలక్ట్రానులను విడుచును. నీటిలో కరిగియున్న ఆమ్లజని వానిని గ్రహించును. ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రసరించును గనుక ఈ చర్య త్వరితమగును. ఇంగ్లండులో చలికాలమున రోడ్లపై నీరు గడ్డకట్టకుండుటకు ఉప్పు చల్లుదురు. మన సముద్రతీర గ్రామములలో కిటికీ ఊచలు త్వరగా చెడుటకును ఉప్పుగాలియే కారణము.

తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించుటచే రంగు ఉబ్బును. దానిపై మరల రంగు పూసిన ఫలము లేదు. చెడిన రేకు కోసి, క్రొత్తది వెల్డింగు చేసి, బోలుభాగములలో మైనము చిమ్మవలెను.

మూడు ఇనుపమేకులు తీసికొని, ఒకదానిని మంచినీటిలో, ఒకదానిని ఉప్పునీటిలో, మైనము పూసిన మరొకదానిని ఉప్పునీటిలో ఉంచి, వారము తరువాత పోల్చిచూచిన విద్యార్థులకు ఈ సంగతి బోధపడును.