మేకలలో స్క్రేపీ వ్యాధికి జన్యు నిరోధకత

స్క్రేపీ గొర్రెలకు, మేకలకు సోకే ప్రాణాంతకమైన నాడీవ్యాధి. దీనికి కారణం బాక్టీరియా గాని, వైరస్ గాని కాదు. ఆకృతి మారిన ప్రియాన్ అనే మాంసకృత్తి. వికృతమైన ఈ ప్రియాన్, శరీరంలో సహజంగా ఉండే సాధారణ ప్రియాన్ మాంసకృత్తిని కూడా తన రూపంలోకి మారుస్తుంది. వ్యాధి సోకిన జీవాలలో సాధారణంగా 2 నుండి 5 సంవత్సరాల తరువాత దురద, నడకలో తడబాటు, చిక్కిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. దీనికి చికిత్స లేదు, టీకా లేదు. మాయ, పాల ద్వారా ఇది పిల్లలకు సంక్రమిస్తుంది. ఐస్‌లాండ్‌లోని ఒక గొర్రెల క్షేత్రంలో వ్యాధికారకం కనీసం 16 సంవత్సరాలు నిలిచి ఉన్నట్లు గమనించారు. కనుక మందను పూర్తిగా వధించినా, అదే పాకలో కొత్త మందకు వ్యాధి సోకే ప్రమాదం మిగిలే ఉంటుంది.

గొర్రెలలో సాధించిన ఫలితం

గొర్రెలలో ప్రియాన్ జన్యువులోని 136, 154, 171 స్థానాలను పరీక్షించి, నిరోధక శక్తి గల 'ఏ.ఆర్.ఆర్.' రకం పొట్టేళ్లను ఎంపిక చేసే పద్ధతిని ఐరోపా దేశాలు అనుసరించాయి. 1985లో స్క్రేపీని గుర్తించిన సైప్రస్‌లో ఈ ప్రజనన విధానం గొర్రెలలో మంచి ఫలితమిచ్చింది. మేకలలో మాత్రం వ్యాధి కొనసాగింది. వాటికి వేరే నిరోధక రూపాలను వెతకవలసి వచ్చింది.

మేకలలోని నిరోధక యుగ్మవికల్పాలు

మేకలలో రెండు స్థానాలు ముఖ్యమైనవి. 222వ స్థానంలో గ్లుటమిన్‌కు బదులు లైసిన్ ఉంటే దానిని కె222 అంటారు. 146వ స్థానంలో ఆస్పరజిన్‌కు బదులు సెరిన్ ఉంటే ఎస్146, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే డి146 అవుతుంది. 146వ స్థానపు మార్పుల రక్షణ సైప్రస్ మందల పరిశీలనలో వెల్లడైంది. కె222 ఇటలీ, ఫ్రాన్స్, గ్రీస్ దేశాల మేకలలో కనిపిస్తుంది. ఈ మూడు రూపాలూ క్షేత్రస్థాయిలో సాంప్రదాయ స్క్రేపీ నుండి రక్షణ ఇస్తాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో నిర్ధారించింది. వీటిలో ఒక్క ప్రతి ఉన్న మేకలను కూడా వధ నుండి మినహాయించేలా ఐరోపా సమాఖ్య 2020లో నిబంధనలను సవరించింది. వ్యాధి బయటపడగానే మంద అంతటినీ కోల్పోయే పెంపకందారునికి ఈ సవరణ వల్ల మందలో కొంత భాగమైనా మిగులుతుంది.

నార్వే పాడి మేకలలో 2012లో వెల్లడైన మార్పు మరింత విశేషమైనది. 32వ స్థానంలో మాంసకృత్తి నిర్మాణం ఆగిపోవడం వల్ల, రెండు ప్రతులూ ఈ రూపంలోనే ఉన్న మేకలలో ప్రియాన్ మాంసకృత్తి అసలు ఉండదు. అయినా అవి ఆరోగ్యంగా పెరుగుతాయి. మారడానికి సాధారణ మాంసకృత్తే లేనందున వ్యాధికి ఆధారం ఉండదు.

ప్రజననంలో పాటించవలసిన జాగ్రత్తలు

నిరోధకతను మందలో వ్యాపింపజేయడానికి మేకపోతుల ఎంపికే సులభమైన మార్గం. సమయుగ్మజ పోతుకు పుట్టే ప్రతి పిల్లకూ ఒక నిరోధక ప్రతి లభిస్తుంది. విషమయుగ్మజ పోతును నిరోధకత లేని మేకలతో దాటిస్తే సగటున సగం పిల్లలకే లభిస్తుంది. అయితే నిరోధక రూపం అరుదుగా ఉన్న జాతులలో కొద్ది పోతులనే పదేపదే వాడితే అంతఃప్రజననం పెరిగి, పాల దిగుబడి, పునరుత్పత్తి సామర్థ్యం దెబ్బతింటాయి. అందువల్ల వేర్వేరు వంశాల పోతులను ఎంచుకొని, కొన్ని తరాలలో క్రమంగా నిరోధకతను పెంచాలి. పైగా ఈ రక్షణ సాంప్రదాయ స్క్రేపీకి సంబంధించినది. 1998లో నార్వేలో గుర్తించిన అసాధారణ స్క్రేపీకి దీనిని అన్వయించరాదు. కనుక జన్యు పరీక్ష చేసిన మందలలోనూ వ్యాధి నిఘా, ఈతల సమయంలో మాయను సురక్షితంగా తొలగించడం కొనసాగాలి.