పేరు పలికితే బరువు తెలుస్తుందా?

పోకెమాన్ కార్డుల పేర్ల వెనుక శ్లేష, శబ్దశాస్త్రం

ముందుగా ఒక చిన్న పరీక్ష. మూడు ఊహాజీవులు ఉన్నాయి. జపనీస్‌లో వాటి పేర్లు న్యొరొజొ, న్యొరొబొన్, న్యొరొమొ. ఒకదాని బరువు 12.4 కిలోలు, ఇంకొకదానిది 20, మరొకదానిది 54. ఏ బరువు ఏ పేరుదో చెప్పగలరా? పేర్లను ఒకసారి పైకి చదివి చూడండి.

జవాబు ఇది: న్యొరొమొ 12.4 కిలోలు, న్యొరొజొ 20, న్యొరొబొన్ 54. సరిగ్గా చెప్పి ఉంటే, మీకు దారి చూపింది జపనీస్ భాష కాదు, మీ చెవి.

ఇవి పోకెమాన్ జీవులు. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో వీడియో గేమ్‌గా మొదలైన పోకెమాన్, అదే ఏడాది అక్టోబరులో కార్డుల ఆటగా కూడా వచ్చింది. ఇప్పుడు అందులో 1,000కి పైగా జీవులు ఉన్నాయి. అన్నిటికీ పేర్లు పెట్టడమంటే మాటలు కాదు. పిల్లలు వాటిని ఇట్టే గుర్తుపెట్టుకోవడానికి ఆ పేర్ల నిర్మాణమే ఒక కారణం కావచ్చు.

ఒక పేరు, రెండు అర్థాలు

తోక చివర మంటతో తిరిగే బల్లిలాంటి జీవి పేరు హితొకగె. జపనీస్‌లో ‘హి’ అంటే నిప్పు, ‘తొకగె’ అంటే బల్లి. రెండూ కలిపి ఒకే మాటగా వింటే ‘మనిషి నీడ’ అనే అర్థం కూడా వస్తుంది. వీపున పెద్ద మొక్క గడ్డను మోసే మరో జీవి ఫుషిగిదనె. ‘వింత విత్తనం’ అని దాని భావం. అదే పేరును వాక్యంగా వింటే ‘వింతగా ఉంది కదా!’ అన్నట్టు ఉంటుంది. మన అలంకారశాస్త్రంలో శ్లేష అనేది ఇలాంటిదే.

శ్లేషను అనువదించడం దాదాపు అసాధ్యం. అందుకే ఇంగ్లీషులో కొత్తది అల్లారు. హితొకగెను చార్‌మాండర్ చేశారు. మాడటానికి ‘చార్’, దానికి సాలమాండర్ తోక. సాలమాండర్ నిప్పులో బతుకుతుందని యూరప్‌లో పాత నమ్మకం ఉండేది. అయితే బల్లి సరీసృపం, సాలమాండర్ ఉభయచరం. పేరు మారడంతో పాటు జీవి వర్గం కూడా మారిపోయింది!

సరళాల బరువు

మొదటి పరీక్షకు వద్దాం. ‘న్యొరొన్యొరొ’ అనేది మెలికలు తిరిగే కదలికను సూచించే జపనీస్ ధ్వన్యనుకరణ పదం. ఈ జీవి మొదటి రూపం తోకకప్ప. ఎదిగేకొద్దీ కప్పలాగా మారుతుంది. ఆటలో దీన్ని ‘పరిణామం’ అంటారు గానీ, జీవశాస్త్రం ప్రకారం ఇది రూపవిక్రియకు దగ్గర. ఆ మార్పులో పేరులోని ‘మొ’ స్థానంలో ‘జొ’, తర్వాత ‘బొన్’ వచ్చాయి.

ఇది యాదృచ్ఛికమా? జపాన్ భాషాశాస్త్రవేత్త షిగెతొ కవహర, ఆయన సహచరులు 700కు పైగా పోకెమాన్ పేర్లను పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. పేరులో గ, జ, ద, బ వంటి ధ్వనులు ఎక్కువయ్యేకొద్దీ, పేరు పొడవు పెరిగేకొద్దీ ఆ జీవి బరువు, ఎత్తు కూడా ఎక్కువగా ఉండే ధోరణి కనిపించింది. మినహాయింపులు లేకపోలేదు. ఇది నియమం కాదు, మొగ్గు మాత్రమే.

వీటినే తెలుగు వ్యాకరణం సరళాలు అంటుంది. క, చ, ట, త, ప పరుషాలు. అంటే మనం మెత్తనివిగా పేరుపెట్టిన ధ్వనులే అక్కడ బరువైన జీవులకు దక్కాయి. జపనీస్‌లో వీటిని ‘దకుఒన్’, అంటే కలకబారిన ధ్వనులు అంటారు.

దీనికి భౌతికశాస్త్రం ఒక వివరణ ఇస్తుంది. ‘ప’ పలికేటప్పుడు పెదాలు మూసి ఉన్నంతసేపూ స్వరతంత్రులు కంపించవు. ‘బ’ పలికేటప్పుడు కంపిస్తాయి, తక్కువ పౌనఃపున్యపు శబ్దం వెలువడుతుంది. ప్రకృతిలో పెద్ద వస్తువుల శబ్దం సాధారణంగా మందంగానే ఉంటుంది. పూజగదిలో చిన్న గంటను, గుడిలో పెద్ద గంటను తలచుకోండి. మంద్రధ్వనిని పెద్ద శరీరంతో ముడిపెట్టే ఈ భావనకు భాషాశాస్త్రవేత్త జాన్ ఒహాలా ‘ఫ్రీక్వెన్సీ కోడ్’ అని పేరు పెట్టారు.

ప్రయోగశాలలో పికాచు

మెరుపు తళుక్కుమనడాన్ని ‘పిక’, ఎలుక కిచకిచను ‘చు’ అంటారు. ఆ రెండిటి కలయికే పికాచు. 2008లో జపాన్ పరిశోధకులు కంటి రెటీనాలో ఒక ప్రొటీన్‌ను కనుగొన్నారు. చూపు సంకేతాలు వేగంగా సాగడానికి అది అవసరం. మెరుపువేగపు పికాచును తలచుకుని దానికి పికాచురిన్ అని పేరు పెట్టారు.

అన్ని పేర్లూ ఇంత హాయిగా నిలవలేదు. 2005లో క్యాన్సర్‌కు దారితీసే ఒక జన్యువును అమెరికా పరిశోధకులు ‘పోకెమాన్’ అని పిలిచారు. అది ఒక పొడవాటి శాస్త్రీయ నామానికి పొడి అక్షరాల రూపం. పిల్లల ఆట పేరు క్యాన్సర్ వార్తల్లోకి ఎక్కడంతో పోకెమాన్ సంస్థ అభ్యంతరం చెప్పింది. జన్యువు పేరు జెడ్‌బీటీబీ7గా మారింది.

కార్డులో ఉన్నది తెలుసు, చెట్టు మీద ఉన్నది?

ఆండ్రూ బామ్‌ఫర్డ్ బృందం బ్రిటన్‌లో 109 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలకు కార్డులు చూపి పేర్లు అడిగింది. కొన్నింటిపై స్థానిక మొక్కలు, జంతువులు ఉన్నాయి. కొన్నింటిపై పోకెమాన్ జీవులు ఉన్నాయి. 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఎనిమిదేళ్ళ పిల్లలు పోకెమాన్ జీవుల్లో 78 శాతాన్ని గుర్తుపట్టారు. నిజమైన జీవుల్లో గుర్తుపట్టింది 53 శాతమే.

పిల్లలకు జ్ఞాపకశక్తి తక్కువేమీ లేదు. నేర్చుకునే అవకాశం ఎటు దొరికితే అటు పనిచేస్తోంది, అంతే.

పేరులోనే గుర్తును దాచే నేర్పు మన ఊళ్ళకూ కొత్త కాదు. మాను తొలిచే పక్షి వడ్రంగి పిట్ట. నల్లని ఒంటిమీద తెల్లని కట్లున్నది కట్లపాము. మన దేశంలో అత్యంత ప్రమాదకరమైన విషసర్పాల్లో అదొకటి. ఆ పేరు తెలిసిన పిల్లవాడికి, దూరంగా ఉండాల్సిన పాము ఎలా ఉంటుందో కొంతైనా ముందే తెలిసినట్టు. పేరు మరిచిపోతే ఆ ఆనవాలూ పోతుంది.

ఈసారి ఇంట్లో పిల్లలు కార్డుల కట్ట విప్పినప్పుడు హితొకగె కథ చెప్పండి. తర్వాత కొన్ని ఖాళీ అట్టముక్కలు ఇచ్చి, మీ వీధిలో కనిపించే పిట్టలకు కార్డులు గీయమనండి. బొమ్మ కింద పేరు రాసేముందు, దానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రమ్మనండి.