తోడ్ ఫోడ్: గుజరాతీలో గరీబోని కోపం

ముంబైల గుజరాతీ అంటే జనానికి యాదికొచ్చేది దుకాణం, షేర్ మార్కెట్, లెక్కల బుక్కు. గదే భాషల గరీబోని కోపం పలికిచ్చిండు ధర్మేశ్ పర్మార్. ర్యాప్‌ల పెట్టుకున్న పేరు ఎంసీ తోడ్ ఫోడ్. అంటే పగలగొట్టుడు.

దాదర్ దిక్కు నాయ్‌గావ్ బీడీడీ చాల్‌ల ఉండేటోడు. ఇంగ్లీషోళ్ల కాలంల కట్టిన ఆ చాళ్లల్ల ఇల్లంటే 160 చదరపు అడుగుల ఒక్క అర్ర.

ర్యాప్ అంటే వట్టి ఒర్రుడని మనోళ్లు కొందరు తీసిపారేస్తరు. కాని అండ్ల రాగం కంటె మాటకే బలం ఎక్కువ. దరువు మీద మాట నడుస్తది. అందుకే ఎవల భాషల వాళ్లు పాడితెనే అది తగులుతది. తోడ్ ఫోడ్ ఉన్న 'స్వదేశీ' బృందం నమ్మింది గదే. మరాఠీ, హిందీ, గుజరాతీ పక్కపక్కనే నిలబడ్డయ్.

ఆరే అడివిని కాపాడాలని 2019ల ఈ బృందం ఆదివాసీ కళాకారుడు ప్రకాశ్ భోయిర్‌తోటి 'ది వార్లీ రివోల్ట్' చేసింది. అయినా మెట్రో షెడ్డు కోసం గా అక్టోబర్‌ల రెండు వేలకు పైగా చెట్లు నరికిండ్రు. పాట గొడ్డలిని ఆపలే, కని ఎవల అడివి పోయిందో యాదిల ఉంచింది.

గదే ఏడు 'గల్లీ బాయ్' సినిమా పాట 'ఇండియా 91'ల ధర్మేశ్ గొంతు దేశం ఇన్నది. 2022 మార్చి 20న పాణం పోయింది. ఉమర్ 24 ఏండ్లు.

మన తెలంగాణ యాసను గూడ సినిమాలు ఏండ్లకేండ్లు రౌడీకి, జోకర్‌కే రాసిచ్చినయ్. ఇయ్యాల బస్తీ పోరగాండ్లు గదే యాసల ర్యాప్ కడుతుండ్రు. సినిమా పిలిచేదాక ఆగకుండ్రి, ఇప్పుడే ఇనుండ్రి.